రొదలో రేడియో: తక్కువ ఫ్రీక్వెన్సీలపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఏ డాబా మీద తీగ కట్టి రిసీవర్‌ను 1.8 మెగాహెర్ట్జ్ దగ్గరికి తిప్పినా ముందు చెవిన పడేది రొదే. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల స్టడీ హాళ్లు. ప్రతి గదిలోనూ ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, వైఫై అడాప్టర్లు, ఇన్వర్టర్లు. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాడేవారు) చాలామంది దీనికి డీఎస్పీ, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, ఒక్కటే మందు అనుకుంటారు. డబ్బు కూడబెట్టి మంచి సెట్టు కొంటారు, బటన్ నొక్కుతారు, అనుకున్నంత మార్పు కనిపించక 160, 80 మీటర్ల బ్యాండ్లను వదిలేస్తారు. చీకటి పడ్డాక వందల కిలోమీటర్ల అవతలి గొంతును ఇంట్లోకి తెచ్చే బ్యాండ్లు అవి. వాటిని ఇలా పోగొట్టుకోవడం బాధాకరం. డీఎస్పీ గొప్ప సాధనమే, కానీ దాని పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి.

అపోహ: నాయిస్ రిడక్షన్ నొక్కితే రొద పోయి సిగ్నల్ మిగులుతుంది.

వాస్తవం: సిగ్నల్‌కూ రొదకూ మధ్య ఏదో ఒక తేడా ఉంటేనే ఏ ఫిల్టరైనా వాటిని విడదీయగలదు. చాలా సెట్లలోని నాయిస్ రిడక్షన్‌కు మూలం 1960లో విడ్రో, హాఫ్ రూపొందించిన ఎల్‌ఎంఎస్ పద్ధతి. మోర్స్ స్వరంలో, మాటలోని అచ్చుల్లో ఒక క్రమం ఉంటుంది. ఈ క్షణం తీరును బట్టి రాబోయే క్షణాన్ని కొంత ఊహించవచ్చు. చెదురుమదురు రొదను అలా ఊహించలేం. ఊహకు అందినదాన్ని ఉంచి, అందనిదాన్ని తగ్గించడమే ఆ ఫిల్టర్ చేసే పని. రొదలో మునిగిపోయిన సిగ్నల్ దాని ఊహకూ అందదు, కాబట్టి పైకి రాదు. పైగా ఆ నాబ్‌ను చివరిదాకా తిప్పితే బలహీనమైన మాటలో హల్లులు కూడా రొద కింద లెక్కకట్టబడి కొట్టుకుపోతాయి. గంటల తరబడి వినేవారికి చెవి అలసట తగ్గించడమే దీని అసలు మేలు. ముందు ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించి, ఆ తర్వాత దీన్ని కొద్దిగా వాడితే మంచి ఫలితం వస్తుంది.

అపోహ: ఫిల్టర్ ఎంత ఇరుకైతే అంత మేలు.

వాస్తవం: సగం నిజం. సమంగా పరుచుకున్న రొద విషయంలో వెడల్పును 2400 హెర్ట్జ్ నుంచి 240కి తగ్గిస్తే రొద 10 డెసిబెల్స్, అంటే పదో వంతుకు పడిపోతుంది. ఈ లాభానికి చెల్లించే మూల్యం సమయం. ఫిల్టర్ ఎంత ఇరుకైతే అంత మందకొడిగా స్పందిస్తుంది. నిమిషానికి 20 పదాల వేగంతో పంపే మోర్స్‌లో ఒక చుక్క నిడివి 60 మిల్లీసెకన్లు. 240 హెర్ట్జ్ ఫిల్టర్ సుమారు 4 మిల్లీసెకన్లలో తేరుకుంటుంది. 20 హెర్ట్జ్‌కు కుదిస్తే అదే దాదాపు 50 మిల్లీసెకన్లు పడుతుంది, చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

టకటకలాడే రొదతో ఇంకో చిక్కు ఉంది. కరెంటు స్తంభం మీద ఇన్సులేటర్ దగ్గర నిప్పురవ్వ వస్తుంటే ప్రతి అర్ధ ఆవృత్తికీ ఒకటి చొప్పున సెకనుకు 100 దెబ్బలు పడతాయి. ఒక్కో దెబ్బ అతి సన్నం. అది ఇరుకు ఫిల్టర్ గుండా వెళ్తే సాగి, మోగి, సిగ్నల్‌ను కప్పేస్తుంది. అందుకే నాయిస్ బ్లాంకర్ ఎప్పుడూ ఇరుకు ఫిల్టర్‌కు ముందు ఉండాలి. దెబ్బ సన్నగా ఉండగానే కత్తిరించాలి. ఉరుముల గరగర మాత్రం ఒక్కోసారి అర సెకను దాకా సాగుతుంది, దానికి బ్లాంకర్ చాలదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఉరుముల వానల్లో తక్కువ బ్యాండ్లు కష్టంగా ఉండి, చలికాలం రాత్రుల్లో హాయిగా ఉండటానికి కారణం ఇదే.

అపోహ: ఖరీదైన సెట్టు, ప్రీయాంప్ ఉంటే బలహీన సిగ్నళ్లు వినిపిస్తాయి.

వాస్తవం: ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) పి.372 సిఫారసు లెక్క ప్రకారం నగరంలో 1.8 మెగాహెర్ట్జ్ దగ్గర మనుషుల పరికరాలు పుట్టించే రొద, ఉష్ణం వల్ల సహజంగా ఉండే రొద కంటే సుమారు 70 డెసిబెల్స్ ఎక్కువ. అంటే దాదాపు కోటి రెట్లు. దాని ముందు రిసీవర్ సొంత రొద లెక్కలోకే రాదు. అదే లెక్కలో 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ రొద సుమారు 40 రెట్లు తక్కువ. 40 మీటర్ల మీద బాగా వినే సెట్టు 160 మీటర్ల మీద మొరాయించినట్లు అనిపించేది అందుకే. ప్రీయాంప్ సిగ్నల్‌నూ రొదనూ సమానంగా పెంచుతుంది. యాంటెన్నా తీగ ఊడదీసి చూడండి. రొద ఒక్కసారిగా పడిపోతే మీ రిసీవర్‌కు చాలినంత సున్నితత్వం ఉన్నట్లే.

అపోహ: ఎస్‌డీఆర్‌లో (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోలో) అన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, ముందు ఫిల్టర్లు అక్కర్లేదు.

వాస్తవం: సాఫ్ట్‌వేర్‌కు చేరేలోపు సిగ్నల్ అంకెలుగా మారాలి. ఆ మార్చే చిప్ 8 బిట్లదైతే సిద్ధాంతరీత్యా దాని పరిధి సుమారు 50 డెసిబెల్స్, 16 బిట్లదైతే 98. నగరంలో మీడియం వేవ్ కేంద్రం దగ్గరగా ఉంటే ఆ పరిధి దాటిపోవచ్చు. మనం తరతరాలుగా విన్న ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రాలనే లెక్కలోకి తీసుకుందాం: ‘ఎ’ కేంద్రం 738, ‘బి’ కేంద్రం 1377 కిలోహెర్ట్జ్. చిప్ తట్టుకోలేకపోతే ఈ రెండూ కలిసి 2115 దగ్గర లేని స్టేషన్‌ను పుట్టిస్తాయి. 738కి అయిదు రెట్లు 3690, అది నేరుగా మన 80 మీటర్ల బ్యాండులో పడుతుంది. అలా పుట్టిన దొంగ సిగ్నల్‌ను, అసలు సిగ్నల్‌ను వేరుచేసే ఆధారం సాఫ్ట్‌వేర్‌కు ఉండదు. మీడియం వేవ్‌ను ఆపే కాయిల్, కెపాసిటర్ల ఫిల్టర్‌ను యాంటెన్నాకూ చిప్‌కూ మధ్యనే పెట్టాలి.

మన ఊళ్లోనే దీనికి మంచి పాఠం ఉంది. బిట్‌ఎక్స్ సెట్లతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్, ఎస్‌బిట్‌ఎక్స్‌ను రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే డీఎస్పీతో తయారుచేశారు. అందులోనూ ముందు క్రిస్టల్ ఫిల్టర్ ఉంటుంది. అది దాటి వచ్చిన ముక్క మాత్రమే అంకెలుగా మారుతుంది.

అపోహ: రొదంతా మెట్రో నుంచి, హైటెన్షన్ లైన్ల నుంచే.

వాస్తవం: 2020 ఫిబ్రవరి నుంచి గ్రీన్ లైన్ చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా 25 కిలోవోల్టుల తీగ కింద నడుస్తోంది కాబట్టి అనుమానం సహజమే. పరీక్ష తేలిక. చివరి రైలు వెళ్లిపోయాక కూడా రొద అలాగే ఉంటే ఆ రొద నడిచే రైళ్లది కాదు. అప్పుడు మన ఇంటివైపు చూడాలి. బ్యాటరీతో నడిచే చిన్న ఏఎం రేడియోను 1600 కిలోహెర్ట్జ్ దగ్గర ఖాళీ చోట పెట్టి మెయిన్ స్విచ్ ఆపండి. రొద తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలను ఒక్కొక్కటే వేస్తూ పోతే ఏ గదిలో ఉన్నాడో తెలుస్తుంది. రేడియోను ప్లగ్గులు, బల్బులు, ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఏ వస్తువో తేలిపోతుంది.

సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే వాటర్‌ఫాల్ మీద 65 కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున మసక గీతలు కనిపిస్తే అది ఛార్జరో అడాప్టరో అయి ఉండే అవకాశం ఎక్కువ. వాటిలో చాలా రకాలు ఆ వేగంతోనే స్విచ్ అవుతాయి. దానికి 28 రెట్లు 1820, సరిగ్గా మన 1800–1825 బ్యాండు లోపలే. ఆ 65ను ఎంచుకోవడానికీ కారణముంది. ఇలాంటి వస్తువుల తీగల్లోకి వచ్చే రొదకు పెట్టే పరిమితులు సాధారణంగా 150 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. 65, దానికి రెట్టింపు 130 ఆ గీతకు కిందే ఉండిపోతాయి. 2007లో ఐటీయూ హ్యామ్‌లకు కేటాయించిన 135.7–137.8 కిలోహెర్ట్జ్ బ్యాండు కూడా ఆ గీతకు కిందే ఉంది. అక్కడ వినేవారికి ఈ పరిమితుల కాపలా లేదు.

అపోహ: లూప్ యాంటెన్నా స్థానిక రొదను పట్టదు, మంచి ఎర్త్ పిట్ రొదను లాగేస్తుంది.

వాస్తవం: లూప్ బలం దాని దిశలో ఉంది. చిన్న లూప్‌కు రెండు వైపులా లోతైన చెవిటి దిక్కులుంటాయి, తిప్పి రొద వచ్చే వైపు వాటిని గురిపెట్టాలి. రొద ఒకే చోటు నుంచి వస్తే గొప్ప ఫలితం, నాలుగు వైపుల నుంచి వస్తే కొద్దిపాటి ఫలితం. యాంటెన్నా చుట్టూ తరంగదైర్ఘ్యంలో ఆరోవంతు దూరం దాకా ఉన్న పరికరాలు నేరుగా దానితో ముడిపడతాయి. 1.8 మెగాహెర్ట్జ్‌కు ఆ దూరం సుమారు 26 మీటర్లు, అంటే మన భవనం, పక్క భవనం. 137 కిలోహెర్ట్జ్‌కు దాదాపు 350 మీటర్లు, అంటే అశోక్‌నగర్‌లో కొన్ని వీధులు. తీగను మెట్ల గది, లిఫ్టు, కరెంటు మీటర్ల నుంచి అయిదారు మీటర్లు దూరం జరిపినా 160 మీటర్ల మీద తేడా తెలిసేది అందుకే.

ఎర్త్ ప్రాణరక్షణకు, పిడుగు రక్షణకు. అది తప్పనిసరి. రొద మాత్రం ఎక్కువగా కోయాక్స్ పైపొర మీద ప్రయాణించి యాంటెన్నాకు చేరుతుంది. దాన్ని ఆపేది ఫెరైట్ రింగు మీద కోయాక్స్‌ను పది పన్నెండు చుట్లు చుట్టి, యాంటెన్నా మొదట్లో పెట్టిన చోక్. ఈ ఫ్రీక్వెన్సీలకు 31వ నంబరు రకం ఫెరైట్ సరిపోతుంది. పాత కంప్యూటర్ పవర్ సప్లైల్లో దొరికే పసుపు–తెలుపు రింగులు ఇనుప పొడివి. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికినా ఈ పనికి పనికిరావు.

అపోహ: డబ్ల్యూఎస్‌పీఆర్ లాంటి పద్ధతులు రొద అడుగున ఉన్న సిగ్నల్‌ను మంత్రంలా తీస్తాయి.

వాస్తవం: నోబెల్ గ్రహీత జో టేలర్ 2008లో విడుదల చేసిన ఈ పద్ధతి –28 డెసిబెల్స్ దాకా చదవగలదంటారు. ఆ అంకె 2500 హెర్ట్జ్ వెడల్పులోని రొదతో పోల్చి చెప్పింది. సిగ్నల్ అసలు వెడల్పు 6 హెర్ట్జ్. ఆ వెడల్పులో చూస్తే సిగ్నల్, రొద దాదాపు సమానం. మిగతా పని తప్పులు దిద్దే కోడింగ్ చేస్తుంది. 50 బిట్ల సమాచారం పంపడానికి 110 సెకన్లకు పైగా పట్టడమే దీని మూల్యం. రొద ఎక్కడికీ పోలేదు, మనం వేగాన్ని వదులుకుని నమ్మకాన్ని కొనుక్కున్నాం. మీ ఇంటి రొద 10 డెసిబెల్స్ తగ్గితే ఈ పద్ధతికీ అదే 10 డెసిబెల్స్ లాభం.

వీటన్నిటి సారం వరసలో ఉంది. ముందు రొద పుట్టే చోటు, తర్వాత యాంటెన్నా స్థలం, చోక్, ఆ తర్వాత ముందరి ఫిల్టర్, బ్లాంకర్, ఇరుకు ఫిల్టర్, చివర నాయిస్ రిడక్షన్. ఒక మెట్టులో పోగొట్టుకున్నది తర్వాతి మెట్టులో తిరిగి రాదు. ఈ శ్రమంతా ఎందుకంటారా? 1983లో హైదరాబాద్‌లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్‌లో ఉంది. సునామీ వచ్చాక ఆ హ్యామ్ సెట్లు పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు చేరవేశాయి. అలాంటి రోజున అటువైపు గొంతు ఎంత బలహీనంగా ఉన్నా ఇటువైపు చెవి సిద్ధంగా ఉండాలి. కాబట్టి కొత్త సెట్టు కొనే ముందు ఒక ఆదివారం బ్యాటరీ రేడియోతో ఇల్లంతా తిరగండి. రొద చేసే అడాప్టర్‌ను మార్చండి. అది పక్కింటిదైతే వెళ్లి మర్యాదగా చెప్పి, మంచిదొకటి మీరే కొనివ్వండి. మీ రిసీవర్‌కు ఇంత చవకగా వచ్చే లాభం మరొకటి లేదు.