ఓట్సు జిగురులోని గుణము

కిరాణా కొట్టులో నేడు బియ్యము, కందిపప్పుల సరసనే ఓట్సు పొట్లము కూడ కనిపించుచున్నది. తెలుగు బహువచనము చేర్చి ‘ఓట్లు’ అన్నచో ఎన్నికల ప్రస్తావన యగునని కాబోలు, మనవారు ఆంగ్ల బహువచనమునే ఉంచుకొనిరి. రక్తపరీక్ష కాగితము చూచి వైద్యుడు “కొలెస్టెరాల్ కొంచెము హెచ్చుగా ఉన్నది, ఓట్సు తినండి” అనగానే ఈ పొట్లము ఇంటిలో ప్రవేశించును. ఎంత తినవలెను, ఏ రకము తినవలెను, ఎంత మేలు కలుగును అని వివరించుటకు ఆయనకు తీరిక ఉండదు. ఇంటివారు రెండు చెంచాలు పాలలో కలిపి, పైన పంచదార చల్లి, మందు పుచ్చుకొన్నంత తృప్తి పొందుదురు. ఆ రెండు చెంచాల వలన కొలెస్టెరాల్‌కు కలుగు హాని ఏమియు లేదు!

ఓట్సు చలిదేశపు పంట. స్కాట్లండు ప్రజలకు అది తరతరాల జావ. ఇంగ్లండులో గుఱ్ఱములకు పెట్టు గింజ స్కాట్లండులో మనుష్యులను పోషించుచున్నదని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో వేళాకోళము చేసెను. మన దేశమున పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రాంతములలో దీనిని పశువులకు పచ్చిమేతగా పెంచుచున్నారు. గుఱ్ఱమునకు, గేదెకు పెట్టునది మనకేల అని చిన్నచూపు చూడనక్కరలేదు. ఉలవల విషయమున మనమట్లు అనుకొనలేదు గదా.

ఓట్సు జావ కాచినవారికి దాని జిగురు తెలియును. గిన్నె కడుగునపుడు విసుగు పుట్టించు ఆ జిగురే ఈ ధాన్యమునకు గల ముఖ్యగుణము. అది నీటిలో కరగు ఒక విధమైన పీచుపదార్థము. శాస్త్రజ్ఞులు దానిని బీటా గ్లూకాన్ అందురు. బార్లీ యవలలో కూడ అది కలదు. మన వరిబియ్యములో దాదాపు లేదు.

అది చేయు పని ఇట్టిది. మనము తిన్న కొవ్వును జీర్ణము చేయుటకు కాలేయము పైత్యరసమును తయారు చేయును. దానిలోని ఆమ్లములకు ముడిసరుకు కొలెస్టెరాలే. పని ముగిసిన పిదప ఆ ఆమ్లములలో అధికభాగమును ప్రేగులు తిరిగి పీల్చి కాలేయమునకు పంపును; శరీరము పొదుపరి. కాని ప్రేగులలో చిక్కని జిగురు నిండియున్నపుడు ఆ ఆమ్లములు దానిలో చిక్కుకొని మలముతో వెలుపలికి పోవును. లోటు పూడ్చుకొనుటకు కాలేయము రక్తములోని కొలెస్టెరాలును లాగుకొనవలసి వచ్చును. అందువలన చెడ్డదని పేరుపడిన ఎల్.డి.ఎల్. రకము కొంత తగ్గును. ఆ జిగురే పిండిపదార్థము చక్కెరగా మారి రక్తములో చేరు వేగమును కూడ మందగింపజేయును. భోజనానంతరము చక్కెర ఒక్కసారిగా ఎగయకుండుటకు ఇది కారణము.

ఇక ఎంత తినవలెనన్న ప్రశ్న. రోజునకు 3 గ్రాముల బీటా గ్లూకాన్, సంతృప్తపు కొవ్వులు తక్కువగా గల ఆహారముతోపాటు, గుండెజబ్బు ప్రమాదమును తగ్గించవచ్చునని పొట్లములపై ముద్రించుకొనుటకు అమెరికా ఆహార, ఔషధ శాఖ 1997లో అనుమతించినది. ఓట్సులో ఈ పదార్థము సుమారు 4 శాతము. కావున 3 గ్రాములు కావలెనన్న దాదాపు 75 గ్రాముల ఓట్సు తినవలెను. అనగా పూటకు అరకప్పు చొప్పున రెండు పూటలు. కొన్ని వారములు విడువక తిన్నచో ఎల్.డి.ఎల్. 5 నుండి 7 శాతము తగ్గునని ఆశింపవచ్చును. ఇది చిన్న మేలు కాదు; కాని మాత్రలు మానిపించునంత మేలును కాదు. ఓట్సు తినుచున్నాము గదా యని మధుమేహమునకో, కొలెస్టెరాల్‌కో వైద్యుడిచ్చిన మందు తమంతట తామే మానుకొనువారు కలరు. అది ప్రమాదకరమైన పని.

మఱియొక సంగతి. ఓట్సు తేలిక ఆహారమనుట ఒక భ్రమ. వంద గ్రాములలో సుమారు 380 కెలొరీలు కలవు, ఇది బియ్యమునకు తీసిపోదు. కావున ఇడ్లీలకు బదులు తినవలెనే గాని, నాలుగు ఇడ్లీల మీద అదనముగా కాదు.

అంగడిలో మూడు రకములు దొరకును. గింజను ముక్కలుగా కోసిన రవ్వ (స్టీల్ కట్) ఉడుకుటకు అరగంట పట్టును, నెమ్మదిగా అరుగును. ఆవిరిపట్టి అటుకుల వలె ఒత్తినది (రోల్డ్) ఐదారు నిమిషములలో ఉడుకును. మన ఇండ్లకు ఇదియే అనుకూలము. మిక్కిలి పలుచగా ఒత్తిన ఇన్‌స్టంట్ రకము త్వరగా అరిగి చక్కెరను త్వరగా పెంచును. మసాలా కలిపినవి, తేనె రుచి గలవి కొనుటకు ముందు పొట్లము వెనుకనున్న ఉప్పు, చక్కెర అంకెలను చదువుడు. చదివిన పిమ్మట చాలమంది కొనరు.

వండుటకు పాలు, పంచదారలే శరణ్యము కాదు. అరకప్పు ఓట్సును గ్లాసున్నర నీటిలో ఉడికించి, చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, జీలకఱ్ఱపొడి, ఉల్లిముక్కలు కలిపినచో అంబలి ఎరిగిన నాలుకకు కొత్త అనిపించదు. గట్టిగా ఉడికించి పెరుగు కలిపి ఆవాలు, అల్లము, కరివేపాకుతో పోపు పెట్టిన దద్ధోజనము వలె ఉండును. ఉప్మాకు మాత్రము ఓట్సును ముందుగా కమ్మని వాసన వచ్చువరకు నూనె లేకుండ వేయించవలెను. కప్పు ఓట్సుకు ముప్పాతిక కప్పు నీరు చాలును. బొంబాయిరవ్వ లెక్కన పోసినచో బంక యగును. పెసరట్టునకు నానిన పెసలు రెండు పాళ్లు, ఓట్సు ఒక పాలు చేర్చి రుబ్బిన అట్టు చక్కగా లేచును.

ఇంత చెప్పినను, రాగులను అటకెక్కించి ఓట్సును తెచ్చుకొనుట తెలివి కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము వంద గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఓట్సులో ఉన్నది అందులో ఆరవవంతైనను కాదు. మాంసకృత్తులలో ఓట్సుది పైచేయి, ఎముకల బలమునకు రాగులది. పూటకొకటి తినుటకు అడ్డేమి?

పీచు అలవాటులేని కడుపు మొదట ఉబ్బరించును. కావున మొదటి వారము పావుకప్పుతో ఆరంభించి, నీరు ఎక్కువగా త్రాగుడు. గోధుమలోని గ్లూటెన్ పడనివారు గ్లూటెన్ లేదని ముద్రించిన పొట్లమునే కొనవలెను, ఏలన మరలలో రెండును కలిసిపోవును. ఓట్సులో కొవ్వు ఇతర ధాన్యములకంటె ఎక్కువ. అందుచేత మూత వదులైన డబ్బాలో త్వరగా ముక్కవాసన వచ్చి చేదెక్కును. అట్టి దానిని వేయించినను బాగుపడదు, పారవేయుడు.