పాలకు ఇద్దరు, కాయకు ఒక్కరు

చిత్తూరు జిల్లా ఐరాల చుట్టుపక్కల చాలా ఇళ్లకు రెండు ఆదాయాలు: పాలు, తోతాపురి మామిడి. రెండూ మార్కెట్‌ను నమ్ముకున్నవే, రెండింటినీ కొనేది ఎక్కువగా ప్రైవేటువాళ్లే. అయినా పాలడబ్బు వారానికో పదిహేను రోజులకో చేతికొస్తుంటే, మామిడి మాత్రం ఏటా జూన్ వచ్చేసరికి గుండెదడ తెస్తుంది. 2025లో గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలని, పైన 4 రూపాయలు తాను కలుపుతానని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. సోషలిజం వదిలి మార్కెట్ దారి పట్టిన దేశాల్లో కొన్ని ఎందుకు ఎదిగాయి, కొన్ని ఎందుకు కూలబడ్డాయి అన్న పెద్ద ప్రశ్నకు ఈ రెండు సరుకుల మధ్య తేడాలోనే చాలావరకు జవాబు ఉంది.

పోలండ్ 1990 జనవరి 1న, రష్యా 1992 జనవరిలో చాలా సరుకుల ధరల మీద అదుపు ఎత్తేశాయి. పోలండ్ 1996 నాటికి తన 1989 ఉత్పత్తి స్థాయిని మళ్లీ అందుకుంది. రష్యా ఉత్పత్తి మాత్రం ఆ దశాబ్దంలో దాదాపు 40 శాతం కుంగింది, 1998 ఆగస్టులో అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. వేగంగా మారినందుకే రష్యా దెబ్బతిందని కొందరంటారు. కానీ ధరల విషయంలో పోలండ్ కూడా అంతే వేగంగా వెళ్లింది. అసలు తేడా ప్రభుత్వ కర్మాగారాల అమ్మకంలో ఉంది. రష్యా పాత గుత్తాధిపత్య కర్మాగారాలను ముందు వోచర్లతో, తర్వాత 1995లో బ్యాంకుల అప్పులకు తాకట్టు పెట్టి కొత్త యజమానులకు అప్పగించింది. యజమాని మారాడు, గుత్తాధిపత్యం మారలేదు. పోలండ్ పెద్ద కర్మాగారాల అమ్మకాన్ని నెమ్మదిగా సాగదీసింది. నష్టాలకు ఖజానా నుంచి డబ్బు పోయడం తగ్గించి, కొత్త దుకాణాలకూ చిన్న కార్ఖానాలకూ తలుపులు తెరిచింది. ఎదుగుదల అక్కడినుంచే మొదలైంది. పోలండ్‌కు 1991లో ఇతర ప్రభుత్వాలకు బాకీపడ్డ అప్పుల్లో దాదాపు సగం మాఫీకి ఒప్పందం కుదిరిన మాట, యూరప్ అండ దొరికిన మాట నిజమే. కానీ వియత్నాంకు అలాంటి అండ లేదు. 1988లో అక్కడ సాగు నిర్ణయాలు కుటుంబాల చేతికి వచ్చాయి, మరుసటి ఏడాదే బియ్యం కొనుక్కునే దేశం అమ్ముకునే దేశమైంది.

మనది సోవియట్ వ్యవస్థ కాదు కదా, ఈ పోలిక ఎందుకు అనవచ్చు. నిజమే, ఇక్కడ ఆవు ఎప్పుడూ రైతుదే. కానీ ఆ ఆవు పాలను ఎవరు శుద్ధి చేసి అమ్మాలో లైసెన్సు తేల్చేది. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పరిశ్రమల లైసెన్సులు ఎత్తేసినప్పుడు డెయిరీ రంగానికీ తలుపులు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాదే కేంద్రం పాల ఉత్తర్వు తెచ్చి, ఏ డెయిరీ ఏ ప్రాంతంలో పాలు సేకరించాలో మళ్లీ గిరి గీసింది. ఆ గిరి 2002లో గానీ చెరిగిపోలేదు. ఈలోగా హెరిటేజ్ వంటి ప్రైవేటు డెయిరీలు వచ్చాయి. అదే 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. ఎవరు మూయించారన్న వాదన ఎన్నికల వేదికల మీద నేటికీ నడుస్తూనే ఉంది, దాన్ని అక్కడే వదిలేద్దాం. సహకార పద్ధతే పనికిరాదన్న మాట మాత్రం నిలవదు. అదే రాష్ట్రంలో విశాఖ, సంగం డెయిరీలు రూపం మార్చుకుని నిలబడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి తరచూ మరుగున పడుతుంది. ఊళ్లో పాలకేంద్రం దగ్గర క్యాను దించగానే చిన్న గిన్నెలో శాంపిల్ తీస్తారు. యంత్రం వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూపిస్తుంది, దాన్నిబట్టి చార్టులో రేటు తేలుతుంది. ఈ కొలత పద్ధతిని పల్లెకు తెచ్చింది ప్రైవేటు కంపెనీలు కావు, సహకార సంఘాలు. సంకరజాతి ఆవులను తెచ్చింది పశుసంవర్ధక శాఖ. ప్రైవేటు డెయిరీలు ఆ పునాది మీదే లేచాయి. కొలత తెలిసిన రైతుకు పక్క వీధిలో ఇంకో డెయిరీ ఉంటే చార్టులు పోల్చుకోవడం కష్టం కాదు. ఇవాళ కోతపెట్టిన కేంద్రానికి రేపు పొద్దున క్యాను రాదు. అంతా సవ్యమని కాదు, యంత్రం మీద అనుమానాలు ఏ ఊళ్లో అయినా వినిపిస్తాయి. కానీ అనుమానం వచ్చినప్పుడు ఇంకో గడప ఉంది. 2014లో తిరుపతి కేంద్రంగా మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీకి పాలుపోసే ఆడవాళ్లే వాటాదారులు. మూతపడిన డెయిరీ లోటును ప్రభుత్వ శాఖ కాకుండా అలాంటి సంస్థ పూడ్చడం గమనించదగ్గది.

మామిడికి ఆ రెండో గడప లేదు. ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నా, తోతాపురిలో ఎక్కువ భాగం గుజ్జుకే పోతుంది. చెట్టు నాటిన రైతు రేటు బాగోలేదని వచ్చే ఏడాదికి రకం మార్చలేడు. కాయ కోశాక ఎక్కువ రోజులు ఆగితే సరుకే ఉండదు. ఫ్యాక్టరీల మాటలోనూ కొంత నిజముంది: ఎగుమతి ఆర్డర్లు తగ్గి, నిరుటి గుజ్జు డ్రమ్ముల్లోనే మిగిలిపోతే వాళ్లు ఎంతని కొంటారు? కానీ ఆ నష్టమంతా గేటు బయట వరుసలో ఉన్నవాడి నెత్తినే పడటానికి కారణం, ధర అక్కడికొచ్చాకే తెలియడం. దీన్ని స్వేచ్ఛా మార్కెట్ అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అయితే సర్కారే ఫ్యాక్టరీ పెట్టాలా? చిత్తూరులోనూ గాజులమండ్యంలోనూ ప్రభుత్వ అజమాయిషీలో నడిచిన సహకార చక్కెర కర్మాగారాలు ఎలా మూతపడ్డాయో చెరకు రైతులకు తెలుసు. 4 రూపాయల సాయం ఒక సీజను గట్టెక్కిస్తుందే గానీ, కొనేవాళ్ల సంఖ్యను పెంచదు. కోతకు ముందే రాతపూర్వక ధర, రైతు సంఘాల చేతిలో గుజ్జు తీసి నిల్వచేసే చిన్న యూనిట్లు, ఎవరైనా సరిచూసుకోగల కొలత ఉంటే కథ వేరుగా నడుస్తుంది. కొలత కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. గుజ్జును విదేశాలకు అమ్మేటప్పుడు అందులో తీపి ఎంతో బ్రిక్స్ అంకెల్లో చెప్పే అమ్ముతారు. తోట దగ్గర బేరంలో మాత్రం ఆ అంకె ఊసు చాలావరకు రాదు.