రాతిసీమయు రంగులును

దేవరకొండ దుర్గముపై నిలిచి చూచినవారికి నల్లగొండ, పాలమూరు మెట్టనేలల స్వరూపము తెలియును. ఎఱ్ఱమన్ను, తాటిచెట్లు, అడుగు బయల్పడిన చెఱువు, ఎవరో పేర్చిపోయినట్లున్న బండలు. ఈ శిలల వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లని భూగర్భశాస్త్రజ్ఞు లందురు. ఉన్నదున్నట్లు చూపుటకు ఛాయాచిత్రము చాలును. ఆ నేల వేడిని, మౌనమును పటముపైకి దెచ్చుటకు వేఱు మార్గము వలయును.

అట్టి మార్గమును త్రొక్కిన తెలుగువారు కీర్తిశేషులు సూర్యప్రకాశ్. వీరు 1940లో ఖమ్మము జిల్లా మధిరలో జన్మించి, హైదరాబాదులో చిత్రకళ నభ్యసించి, ఢిల్లీలో రామ్‌కుమార్ గారికి శిష్యులైరి. కాశీ ఘట్టములను ఆకృతి విడిచిన వర్ణఖండములుగా మార్చిన చిత్రకారు డాయన. సూర్యప్రకాశ్ మొదట తుప్పుపట్టిన మోటారుకార్లను చిత్రించిరి. పిమ్మట చెట్లు, ఆకులు, నీటిలో వాని నీడలు. ఆ పటములలో గట్టెక్కడ, నీరెక్కడ యని వెదకిన దొరకదు. రంగే నీరు, రంగే వెలుగు. "ఇది యే యూరి చెఱువండీ?" యని యడుగువారిని మేము పలుమాఱు చూచితిమి. ఊరిపేరు చెప్పినచో వారు చూచుట మానివేయుదురని మా భయము.

2019లో సూర్యప్రకాశ్ గతించిరి. నీటికి వారు చేసిన పనిని మా రాతికి చేయువారు రావలసియున్నది. ఇంతలో ఒక్కొక్క గుట్టయే క్వారీలలో పలకలై లారీ లెక్కుచున్నది.