ఆ డోరు చెడిపోయింది గాబట్టి సరిపోయింది

మే నెల, ఆదివారం, మిట్టమధ్యాన్నం. గండికోటలో కారు నిలబెట్టి, మాధవరాయస్వామి గుడి కాడికి పోదామని అందరం దిగినాం. మా అక్క కొడుకు, నాలుగేండ్లోడు, బీగంచెవితో ఆడుకుంటా లోపలే ఉండిపోయినాడు. ‘టక్’మని శబ్దం. డోర్లు లాకు పడినాయి. రిమోట్ వాని చేతిలోనే ఉంది. వాడు లోపల ఏడుపు, అక్క బయట ఏడుపు. నేను ఒక్కో డోరూ లాగుతా పోయినా. ఆఖరుకు ఎడమపక్క ముందు డోరు తెరుచుకునింది.

ఎందుకంటే దాని లాకు ఆరు నెల్లుగా పడటంల్యా. ‘చూపిద్దాంలే’ అని నెట్టుకుంటా వచ్చినా. నా సోంబేరితనం ఆ పొద్దు కాపాడింది. అదే లాకు తెరుచుకోకుండా చెడిపోయింటే?

2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకోను కారెక్కిన నలుగురు పిల్లోల్లు, డోర్లు పడిపోయి, ఊపిరాడక చనిపోయినారు. ఎండలో మూసిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతాది. పిల్లోల్ల ఒళ్లు పెద్దోల్ల కంటే మూడింతలు తొందరగా వేడెక్కుతాది. మన సీమ ఎండ సంగతి నేను చెప్పల్నా?

అందుకే లాకు సంగతి ప్రతి ఒక్కరికీ తెలిసుండాల. ప్రతి డోరులో చిన్న మోటరు ఉంటాది. బటన్ నొక్కితే మోటరు తిరిగి ఒక కడ్డీని నెట్టుతాది, ఆ కడ్డీ లాకు వేస్తాది, తీస్తాది. అంతే కత. తప్పు యాడుందో మనమే కొంత కనుక్కోవచ్చు.

రిమోట్‌కు పలకవు, డ్రైవర్ డోరు మీది బటన్‌కు పలుకుతాయంటే చాలావరకు రిమోట్‌లో బ్యాటరీ అయిపోయింటాది. రూపాయి బిళ్ల మాదిరి ఉంటాది. పాతదాని మీద నంబరు చూసి అదే తెచ్చుకోండి.

దేనికీ నాలుగు డోర్లూ పలకకపోతే ముందు ఫ్యూజు చూడండి. పోయింటే అంతే యాంపులది వేయండి. పెద్దది వేస్తే వైర్లు కాలతాయి.

ఒక్క డోరే పలకకపోతే చెవి ఆనించి బటన్ నొక్కించండి. మోటరు తిరిగే శబ్దం వస్తాంది, లాకు కదలటంల్యా అంటే కడ్డీ ఊడింటాది, లేదా లోపల పండ్లచక్రం అరిగింటాది. శబ్దమే ల్యాకపోతే మోటరో వైరో పోయింటాది. డోరు తెరిచి అటూ ఇటూ ఆడిస్తా నొక్కి చూడండి. ఒకసారి పలికి ఇంకోసారి పలకకపోతే, కీలు కాడ రబ్బరు గొట్టంలో వైరు తెగినట్టు. డోరు తెరిచి మూసీ మూసీ అది తెగుతాది. నాది అదే. మెకానిక్ వైరు అతికిచ్చినాడు, సరిపోయింది. ఆ చిన్న పనికి ఆరు నెల్లు ఆగినా.

ఇంగ పిల్లోడు లోపల ఉండిపోతే ఏం చేయాల? వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసింటే, లోపల పిడి ఎంత లాగినా తెరుచుకోవు. అందుకే వాన్ని ముందు సీటు లోకి రమ్మని సైగ చేసి, అక్కడి పిడి లాగమనాల. కొన్ని కార్లలో రెండుసార్లు లాగాల. కాకపోతే ఇంకో బీగంచెవి ఇంటికాడుందని ఎదురుచూడొద్దండి. పిల్లోడు ఉన్న పక్కకు అవతల పక్క అద్దం, మూల మీద గట్టి రాయితో కొట్టండి. ముందర పెద్దద్దం జోలికి పోవద్దు, దాంట్లో రెండద్దాల నడుమ ప్లాస్టిక్ పొర ఉంటాది, పగిలినా విడిపోదు. అద్దానికి డబ్బులు మళ్లీ సంపాయించుకుంటాం.

ఇంటి ముందు నిలబెట్టిన కారుకు కూడా లాకు వేయండి, బీగంచెవి పిల్లోల్లకు అందనీకండి. ఈ పొద్దే లోపల కూచోని నాలుగు డోర్లూ ఒక్కొక్కటి తీసి చూడండి. ఏదన్నా మొరాయిస్తే ‘రేపు చూద్దాంలే’ అనొద్దండి. నేను ఆరు నెల్లు అట్లనే అన్న్యా.