ఏడాదిలో ఎంబీఏ.. తయారీ మాత్రం మొదటి ఉద్యోగంలోనే!

ఫైనలియర్ అయిపోతోంది. క్యాంపస్‌లో నాలుగు లక్షల ప్యాకేజీతో ఓ ఆఫర్ వచ్చింది, జాయినింగ్ డేట్ మాత్రం రాలేదు. ఇంతలో ఓ ఫోన్. ‘ఏడాదిలో ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ చేసేయండి, నేరుగా మేనేజర్‌గా చేరిపోవచ్చు’ అంటుంది అవతలి గొంతు. ఈ రోజే సీటు బ్లాక్ చేసుకుంటే ఫీజులో రాయితీ కూడానట. ‘రెండేళ్లెందుకు, ఏడాదిలో అయిపోతే మంచిదేగా’ అంటారు నాన్న. ఈ మధ్య చాలా ఇళ్లలో నడుస్తున్న సీనే ఇది.

నన్ను అడిగే జూనియర్లకు నేను చెప్పేది ఇది. ఏడాది ఎంబీఏ నిజంగానే మంచి కోర్సు. కాకపోతే అది ఈ రోజు మీ కోసం తయారైంది కాదు. నాలుగైదేళ్లు పనిచేశాక మీరు ఎలా ఉంటారో, ఆ మీ కోసం. ఈ తేడా తెలియక చేరితే ఏడాది పోతుంది, లక్షలు పోతాయి, చివరికి మళ్లీ ఫ్రెషర్ల లైన్లోనే నిలబడాల్సి వస్తుంది.

రెండో ఏడాది ఏమైపోయింది?

మామూలు ఎంబీఏ రెండేళ్లు. దాన్ని ఏడాదికి ఎలా కుదించారు? సిలబస్‌లో సగం కోసేశారనుకుంటే పొరపాటే. అకౌంట్స్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్ అన్నీ ఉంటాయి, పరుగు మాత్రం ఎక్కువ. సుమారు ఆరు వారాలకో టర్ము అనుకోండి. ఒక పరీక్ష రాసి పెన్ను కింద పెట్టేలోపు తర్వాతి సబ్జెక్టు కేసులు చదవాలి. ఇక దాదాపుగా ఎగిరిపోయేది రెండేళ్ల కోర్సు మధ్యలో వచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్. ‘వీళ్లు ఆఫీసు ఎలా ఉంటుందో చూసే వచ్చారు, మళ్లీ రెండు నెలలు చూపించడం ఎందుకు’ అనేది దాని వెనకున్న లెక్క. అంటే ఆ రెండో ఏడాదిని మీరు బయట, ఉద్యోగంలో పూర్తిచేసి రావాలన్నమాట.

క్లాసులో కూడా ఇదే లెక్క నడుస్తుంది. ఈ కోర్సుల్లో చదువంతా కేస్ డిస్కషన్ల చుట్టూ తిరుగుతుంది. ఓ కంపెనీ గోడౌన్లో సరుకు పేరుకుపోయింది, సేల్స్ టీమ్ ఒకటంటోంది, ఫ్యాక్టరీ ఇంకోటంటోంది, ఏం చేస్తారు? ప్రొఫెసర్ జవాబు చెప్పరు. గదిలో ఓ స్టీల్ ప్లాంట్ ఇంజినీర్, ఓ బ్యాంకు ఆఫీసర్, ఆర్మీలో పనిచేసి వచ్చిన మేజర్, సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్ ఉంటారు. ఎవరి అనుభవం వాళ్లు చెబుతారు, గొడవపడతారు. పాఠం అందులోంచే పుడుతుంది. అక్కడ పాతికేళ్లు నిండని, ఒక్క జీతం కూడా తీసుకోని కుర్రాడు కూర్చుంటే నోట్స్ రాసుకోవడం తప్ప చేసేదేముంటుంది?

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు. ఉద్యోగం మానకుండా మేనేజర్లు చదువుకునే ఎగ్జిక్యూటివ్ ఎంబీఏను షికాగో యూనివర్సిటీ 1943లోనే మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్ 1957లో ఏర్పడింది, అక్కడి ఎంబీఏ ఇప్పుడు పది నెలలే. మన దగ్గర ఈ ఏడాది కోర్సుకు పేరు తెచ్చింది గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్. 2001లో అక్కడ తరగతులు మొదలయ్యాయి. వార్టన్, కెలాగ్ వంటి అమెరికా బిజినెస్ స్కూళ్లు దాన్ని తీర్చిదిద్దడంలో చేయి కలిపాయి. 2006లో ఐఐఎం అహ్మదాబాద్ పీజీపీఎక్స్ పేరుతో ఏడాది కోర్సు తెచ్చింది. ఇప్పుడు బెంగళూరులో ఈపీజీపీ, కోల్‌కతాలో ఎంబీఏఈఎక్స్, లక్నోలో ఐపీఎంఎక్స్ ఉన్నాయి. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్ఐలో అయితే పదిహేను నెలలు. ఐఎస్‌బీ పీజీపీకి కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, ఐఐఎంలలో సాధారణంగా నాలుగైదేళ్లు. ఈ షరతు లేకుండా ఎవరైనా ‘ఎగ్జిక్యూటివ్’ అనే పేరు తగిలించి ఫ్రెషర్‌కి సీటు ఇస్తామంటే అక్కడే ఆగి ఆలోచించండి.

పేర్లతోనే సగం తలనొప్పి

అసలు చిక్కు పేర్లలో ఉంది. ‘ఎగ్జిక్యూటివ్’ అనే ఒక్క మాట కింద మూడు రకాల సరుకు అమ్ముడవుతోంది. ఉద్యోగం మానేసి క్యాంపస్‌లో ఉండి చదివే ఫుల్‌టైమ్ కోర్సు ఒకటి. జీతం తీసుకుంటూనే శని, ఆదివారాలు క్లాసులకు వెళ్లేది ఇంకోటి. ఇది ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఇల్లు, పిల్లలు, ఈఎంఐలు ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. ఇక మూడోది ఆన్‌లైన్ సర్టిఫికెట్. పెద్ద సంస్థ పేరుంటుంది, క్లాసులు మాత్రం లాప్‌టాప్‌లో. నాలుగు విషయాలు నేర్చుకోవడానికి పనికొస్తుంది, దాన్ని నేను తీసిపారేయను. కానీ అది ఎంబీఏ కాదు. ఫోన్‌లో అమ్మేవాళ్లలో చాలామంది ఈ ముక్క చివరిదాకా చెప్పరు.

కాబట్టి ఎవరు ఫోన్ చేసినా అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ప్లేస్‌మెంట్ ఎంత’ అని కాదు. ‘చివర్లో చేతికిచ్చే కాగితం మీద ఏమని రాసి ఉంటుంది’ అని. డిగ్రీయా, డిప్లొమాయా, సర్టిఫికెట్టా? ఐఐఎంలు కూడా చాలాకాలం డిప్లొమాలే ఇచ్చాయి. 2017లో పార్లమెంటు ఐఐఎం చట్టం చేశాకే వాటికి డిగ్రీ ఇచ్చే అధికారం వచ్చింది. ఐఎస్‌బీ మొదటి నుంచీ ఎంబీఏ అనే మాట వాడకుండా ‘పీజీపీ’ అనే పేరుతోనే నడిచింది, అయినా కంపెనీలు వరస కట్టాయి. ప్రైవేటు కంపెనీల్లో సంస్థ పేరు చూస్తారు. పీజీ అర్హత అడిగే ప్రభుత్వ ఉద్యోగాలకో, పీహెచ్‌డీకో వెళ్లాలనుకుంటే మాత్రం కాగితం మీది మాటే ముఖ్యం. జవాబు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాసి పంపమనండి. అప్పుడు గొంతు మారిపోవడం మీకే తెలుస్తుంది.

శనివారం విమానం ఎక్కిన హైదరాబాదీ

పనిచేస్తూ చదవడం అంటే ఏమిటో చెప్పడానికి సత్య నాదెళ్లను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేశారు. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఉద్యోగం సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో, ఎంబీఏ షికాగోలో. మధ్యలో నాలుగు గంటల విమాన ప్రయాణం. వారాంతాల్లో ఎగిరి వెళ్లి క్లాసులు విని, సోమవారానికి ఆఫీసులో ఉండేవారు. అలా 1997లో డిగ్రీ పూర్తిచేశారు. అది పార్ట్‌టైమ్ ఎంబీఏ. మైక్రోసాఫ్ట్ సీఈవో అయింది 2014లో, అంటే డిగ్రీ వచ్చిన పదిహేడేళ్లకు.

మోటివేషన్ వీడియోల్లో విమానం ముక్క ఒక్కటే చూపిస్తారు. నాకు ఆసక్తిగా అనిపించేది వేరే. ఆయన ఎంబీఏ కోసం ఉద్యోగం వదల్లేదు, ఉద్యోగం కోసం ఎంబీఏనూ వదల్లేదు. శనివారం క్లాసులో విన్నది సోమవారం ఆఫీసులో వాడి చూసుకునే వీలుంది. ఏ క్యాంపస్‌లోనూ ఆ సౌకర్యం దొరకదు.

నాన్నతో కూర్చుని వేయాల్సిన లెక్క

ఇప్పుడు డబ్బు సంగతి. పేరున్న సంస్థల్లో ఏడాది ఫుల్‌టైమ్ కోర్సు ఫీజు 30 లక్షలకు అటూఇటూ మొదలై, కొన్నిచోట్ల 40 లక్షలకు చేరుతోంది. 30 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. పది శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలి. నెలకు కంతు దాదాపు 39,600 రూపాయలు. పదేళ్లలో కట్టేది సుమారు 47 లక్షల 60 వేలు. చదువుకునే కాలంలో కంతులు ఆగుతాయి కానీ వడ్డీ ఆగదు, అది పక్కన పెరుగుతూనే ఉంటుంది. దీనికి మానేసిన జీతం కూడా కలపండి. నెలకు లక్ష సంపాదించేవాళ్లకు ఆ ఏడాది పోయేది 12 లక్షలు. రెండేళ్ల కోర్సైతే 24 లక్షలు పోయేవి. ఏడాది కోర్సులో అసలైన లాభం ఇక్కడుంది. అయితే చూడండి, ఈ లాభం ఇప్పటికే జీతం తీసుకుంటున్నవాళ్లది. జీతమే లేని విద్యార్థికి మిగిలేదేమీ లేదు.

ఐఐఎం, ఐఎస్‌బీ లాంటి చోట సీటొస్తే చాలా బ్యాంకులు తాకట్టు లేకుండానే అప్పిస్తాయి. పెద్దగా పేరులేని సంస్థకైతే ఏడున్నర లక్షలు దాటగానే సాధారణంగా ఆస్తి కాగితాలు అడుగుతారు. ఊళ్లో ఉన్న ఎకరం ఆ కాగితమైతే, కోర్సు గురించి బ్యాంకు ఏమనుకుంటోందో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. చదువు అప్పు మీద కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా పన్ను మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే.

ఇంకో మాట. కోడింగ్ నుంచి పూర్తిగా బయటపడి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ లాంటి వేరే రంగంలోకి దూకాలనుకునేవాళ్లకు ఏడాది కోర్సు కంటే రెండేళ్లదే మేలని నా అభిప్రాయం. కొత్త రంగంలో మనల్ని నమ్మేవాళ్లు ఉండరు కదా, ఆ నమ్మకం ఇంటర్న్‌షిప్‌లో వస్తుంది. ఉన్న రంగంలోనే ఒక మెట్టు పైకి ఎక్కాలనుకునేవాళ్లకు ఏడాది సరిపోతుంది.

మరి ఇప్పుడేం చేయాలి?

చేతిలో ఉన్న ఆఫర్‌లో చేరండి. ప్యాకేజీ చిన్నదైనా సరే. రేపు అడ్మిషన్ కమిటీ మీ అప్లికేషన్‌లో చూసేది జీతం అంకె ఒక్కటే కాదు, ఆ ఏళ్లలో మీరేం చేశారన్నది. ఇద్దరు టెస్టింగ్ ఇంజినీర్లను ఊహించుకోండి. ఒకరి రెజ్యూమెలో ‘మూడేళ్లు మాన్యువల్ టెస్టింగ్’ అని ఉంటుంది. ఇంకొకరు అదే పని చేస్తూ, కస్టమర్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే పేమెంట్ స్క్రీన్ నుంచి వస్తున్నాయని గమనించారు. లెక్క తీసి లీడ్‌కి చూపించారు, డెవలపర్లను ఒప్పించి మార్పించారు, తర్వాతి నెల ఫిర్యాదులు ఎంత తగ్గాయో రాసిపెట్టుకున్నారు. ఇద్దరి జీతం ఒకటే, డిజిగ్నేషన్ ఒకటే. వ్యాసం రాయడానికి కూర్చుంటే మాత్రం రెండోవారి దగ్గరే కథ ఉంటుంది.

అందుకే నెలకోసారి పావుగంట కేటాయించి ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏ సమస్య వచ్చింది, నేనేం చేశాను, అంకెల్లో ఏం మారింది. కంపెనీ రహస్యాలు రాయక్కర్లేదు. మూడేళ్ల తర్వాత గుర్తుచేసుకుని రాద్దామంటే సగం గుర్తుండవు, ప్రాజెక్టు మారితే పాత మెయిల్స్ కూడా కనిపించవు.

పరీక్ష విషయంలో మాత్రం విద్యార్థిగా ఉండడమే ప్లస్. ఈ కోర్సులకు ఎక్కువగా అడిగేది జీమ్యాట్ లేదా జీఆర్ఈ. రెండింటి స్కోరూ ఐదేళ్లు చెల్లుతుంది. కొత్త జీమ్యాట్ రెండుంబావు గంటల పరీక్ష. క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు విభాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు. స్కోరు 205 నుంచి 805 దాకా ఉంటుంది. ఫైనలియర్లో లెక్కలు ఇంకా చేతిలో ఉంటాయి, రోజూ మూడు గంటలు చదివే అలవాటూ పోలేదు. రాత్రి పదింటికి కాల్స్ అయ్యాక రీడింగ్ కాంప్రహెన్షన్ చేయడం ఎలా ఉంటుందో ఆఫీసులో మీ సీనియర్లను అడగండి. నాలుగేళ్ల తర్వాత అప్లై చేసేవాళ్లకూ ఈ స్కోరు పనికొస్తుంది. కాకపోతే అప్లై చేసేనాటికి గడువు మిగిలి ఉండేలా తేదీ చూసి రాయాలి. కాలేజీలో ఉండగానే సీటు ఖాయం చేసి, ఉద్యోగం చేసి రమ్మనే పద్ధతి కూడా ఉంది. హార్వర్డ్ టూ ప్లస్ టూ అలాంటిదే, అది రెండేళ్ల ఎంబీఏకి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ స్వయంగా చదవండి.

చివరగా, చాలామంది ఆఖరి వారంలో ఇబ్బంది పడేది సిఫారసు లేఖ దగ్గర. మీ పనిని దగ్గర నుంచి చూసిన పైవాళ్లే అది రాయాలి. సర్వీస్ కంపెనీల్లో మేనేజర్లు ఏడాదికోసారి మారిపోతుంటారు. ప్రాజెక్టు నుంచి రిలీజ్ అయ్యే రోజు కేక్ కోసి వచ్చేయకుండా, ఆ మేనేజర్‌కు థాంక్స్ చెబుతూ కలిసి చేసిన పని రెండు లైన్లలో గుర్తుచేసే మెయిల్ ఒకటి పంపండి. పర్సనల్ మెయిల్ ఐడీ తీసుకోండి. మూడేళ్ల తర్వాత ‘సార్, నేను ఫలానా’ అని ఫోన్ చేసినప్పుడు ఆయన గుర్తుపట్టడానికి ఆ మెయిల్ ఉంటుంది.