గోలు ముందు గట్టు: వర్జిల్ వాన్ డైక్

2019 మార్చి 31. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరం, ఆన్‌ఫీల్డ్ మైదానం. లివర్‌పూల్, టాటెన్‌హామ్ జట్లు చెరొక గోలుతో సమానంగా ఉన్నాయి. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలే మిగిలి ఉన్నాయి. ఉన్నట్టుండి టాటెన్‌హామ్ ఆటగాళ్లు ఇద్దరు, మూసా సిసోకో, సన్ హ్యూంగ్ మిన్, బంతితో దూసుకువచ్చారు. వారికీ గోల్‌కీపరుకూ నడుమ అడ్డుగా నిలిచినవాడు ఒక్కడే. అతడే లివర్‌పూల్ డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్.

ఇద్దరిని ఒక్కడు ఆపడం ఫుట్‌బాల్‌లో దాదాపు అసాధ్యమైన పని. బంతి ఉన్నవాడి మీదికి పోతే అతడు పక్కవాడికి అందిస్తాడు. పక్కవాడిని కాపలా కాస్తే బంతి ఉన్నవాడు నేరుగా గోలు మీదికి పోతాడు. వాన్ డైక్ మొదట ఈ రెండింటిలో ఏదీ చేయలేదు. బంతి కోసం కాలు చాచకుండా, ఇద్దరి నడుమ నిలిచి, వెనుకకు వెనుకకు జరుగుతూ వచ్చాడు. సన్ గోళ్లు వేయడంలో ఆరితేరినవాడు. సిసోకోకు ఆ పేరు లేదు, పైగా అతడిది కుడికాలి వాటం. అందుచేత వాన్ డైక్ సన్‌కు బంతి చేరే దారిని మూసివేశాడు. గోలు దగ్గరపడిన తరువాత గాని సిసోకో మీదికి కదలలేదు. అప్పటికి సిసోకోకు ఎడమకాలితో తన్నడం తప్ప వేరే దారి మిగలలేదు. బంతి గోలు కమ్మీ మీదుగా ఎగిరిపోయింది. తొంభయ్యో నిమిషంలో టాటెన్‌హామ్ ఆటగాడికి తగిలిన బంతి సొంత గోలులోకే పోవడంతో లివర్‌పూల్ 2-1తో నెగ్గింది. సిసోకోకు ఎడమకాలు అంత బలమైనది కాదని తెలిసే అలా వదిలానని వాన్ డైక్ తరువాత వివరించాడు.

డిఫెండరు విద్యలోని సారమంతా ఈ కొద్ది క్షణాలలో కనిపిస్తుంది. చూసేవారికి నచ్చేది నేలమీద జారుతూ వెళ్లి బంతిని తన్నివేసే సాహసం. అయితే జారినవాడు ఒక్క అంగుళం గురి తప్పినా నేలమీదే ఉండిపోతాడు, ఎదుటివాడు దాటిపోతాడు. నిలబడి ఉన్నవాడికి రెండో అవకాశం ఉంటుంది. అతడు ఆలస్యం చేసిన ప్రతి క్షణమూ వెనుక నుంచి పరుగెత్తుకు వచ్చే సహచరులకు దక్కుతుంది. వాన్ డైక్ అందుకే జారడం తక్కువ, నిలవడం ఎక్కువ. 2018 మార్చి తరువాత 2019 ఆగస్టు 24 వరకు, యాభై లీగ్ మ్యాచులలో, బంతితో అతడిని తప్పించుకుని పోయినవాడు లేడు. ఆనాడు ఆర్సెనల్ ఆటగాడు నికొలస్ పెపే ఆ పని చేస్తే అది వార్త అయింది!

ఈ నిదానం అతడికి పుట్టుకతో వచ్చిన గుణమో కాదో గాని, అతడి జీవితం మాత్రం నిదానంగానే సాగింది. 1991 జూలై 8న నెదర్లాండ్స్‌లోని బ్రెడా పట్టణంలో పుట్టాడు. తల్లి సురినామ్ మూలాలున్న స్త్రీ. టిల్‌బర్గ్ నగరపు విల్లెమ్ టూ క్లబ్బు బాలుర జట్టులో ఆడుతూనే, బ్రెడాలోని ఒక హోటలులో గిన్నెలు కడిగేవాడు. మొదట పెద్దగా పొడవరి కాడు, ఆడినది కుడి అంచున. పదిహేడో ఏట ఒక్కసారిగా పద్దెనిమిది సెంటీమీటర్లు పెరిగాడు. అలా పెరిగిన దేహం కీళ్ల నొప్పులను కూడా వెంట తెచ్చింది. కోలుకున్నాక రక్షణ పంక్తి నడుమకు మారాడు. నేడతడి ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు.

విల్లెమ్ టూ అతడిని పెద్దల జట్టులోకి తీసుకోలేదు. 2010లో గ్రోనింగెన్ క్లబ్బు పైసా చెల్లించకుండానే చేర్చుకుంది. ఆ క్లబ్బు తరఫున అతడిని గుర్తించినవాడు మార్టిన్ కూమన్ అనే మాజీ ఆటగాడు. ఆ కన్ను పడకపోయి ఉంటే కథ ఎటు తిరిగేదో! ఓర్పు ఒక్కటే చాలదు, చూసే కన్ను కూడా కావాలి. విచిత్రమేమంటే అదే మార్టిన్ కుమారుడు రోనాల్డ్ కూమన్ 2015లో సౌతాంప్టన్ క్లబ్బు శిక్షకుడిగా వాన్ డైక్‌ను ఇంగ్లండుకు రప్పించాడు. 2018లో నెదర్లాండ్స్ శిక్షకుడై అతడికే దేశపు జట్టు నాయకత్వం అప్పగించాడు.

నడుమ ఒక గండం గడిచింది. 2012లో, ఇరవయ్యో ఏట, పేగుకు అంటివుండే అపెండిక్స్ పగిలి విషం కడుపంతా పాకింది. మూత్రపిండాలకూ సోకింది. ఆసుపత్రి మంచం మీద నుంచే వీలునామా వంటి పత్రం మీద సంతకం పెట్టవలసి వచ్చిందని అతడే తరువాత చెప్పుకున్నాడు. కోలుకుని, 2013లో సుమారు 26 లక్షల పౌండ్లకు స్కాట్లండులోని సెల్టిక్ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ రెండు లీగ్ టైటిళ్లు గెలిచినా 2014 ప్రపంచకప్ జట్టులోకి పిలుపు రాలేదు. దేశం తరఫున మొదటిసారి ఆడినది 2015 అక్టోబరులో, ఇరవై నాలుగేళ్ల వయసులో. పద్దెనిమిదేళ్లకే పిల్లవాడి భవిష్యత్తు తేలిపోవాలని తొందరపడే తల్లిదండ్రులకు ఈ తేదీలు గమనించదగినవి.

2017 వేసవిలో సౌతాంప్టన్ విడిచిపోతానని రాతపూర్వకంగా కోరాడు. క్లబ్బు ఒప్పుకోలేదు, కొంతకాలం జట్టుకు దూరంగా సాధన చేయవలసి వచ్చింది. అభిమానులు నొచ్చుకున్నారు, అందులో తప్పు పట్టడానికీ లేదు. ఎట్టకేలకు 2018 జనవరిలో లివర్‌పూల్ 7 కోట్ల 50 లక్షల పౌండ్లు చెల్లించింది. అప్పటికి ప్రపంచంలో ఏ డిఫెండరుకూ అంత ధర పలకలేదు.

అంత సొమ్ముకు వచ్చిన ఫలితం అతడి ఖాతాలో కన్నా ఇతరుల ఖాతాల్లోనే ఎక్కువ కనిపించింది. 2017-18 లీగులో 38 గోళ్లు ఇచ్చుకున్న లివర్‌పూల్ మరుసటి ఏడు 22తో సరిపెట్టుకుంది. ఇందులో కొత్త గోల్‌కీపరు అలిసన్ పాలు కూడా ఉన్నదనడం న్యాయం. ఆ ఏడు అంచులలో ఆడిన ఇద్దరు డిఫెండర్లు, ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్, ఆండ్రూ రాబర్ట్‌సన్, లీగులో కలిపి 23 గోళ్లకు బంతి అందించారు. వెనుక నమ్మకమైనవాడు ఉన్నాడన్న ధీమా ఉంటేనే అంచులవారు అంత ముందుకు పోగలరు. మైదానమంతా డిఫెండరు కంటి ముందే ఉంటుంది గనుక ఎవరు ఎక్కడ నిలవాలో, ఎప్పుడు ముందుకు జరగాలో కేకవేసి చెప్పడం అతడి పని. ఆ పంక్తిలో ఒకడు బ్రెజిల్ వాడు, ఒకడు స్కాట్లండు వాడు, ఒకడు ఇంగ్లండు వాడు. పలు భాషల నడుమ పొలం పనులు చక్కబెట్టుకునే సరిహద్దు పల్లెల వారికి ఇది వింతగా తోచదు. 2019 జూన్‌లో ఆ జట్టు ఐరోపా విజేత అయింది. ఆ డిసెంబరులో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పురస్కారంలో లియొనెల్ మెస్సీకి 686 ఓట్ల పాయింట్లు, వాన్ డైక్‌కు 679 వచ్చాయి.

నీరు నిండుగా ఉన్నప్పుడు గట్టును ఎవరూ చూడరు, గండి పడిననాడే అందరూ చూస్తారు. ఆ గండి 2020 అక్టోబరు 17న పడింది. ఎవర్టన్‌తో ఆటలో ప్రత్యర్థి గోల్‌కీపరు ఢీకొనడంతో వాన్ డైక్ మోకాలి లోపలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్స జరిగింది, ఆ సీజను ముగిసిపోయింది. మరో ఇద్దరు డిఫెండర్లు కూడా గాయపడ్డారు. నడిమైదానంలో ఆడే ఫాబీనియో, హెండర్సన్‌లను వెనుకకు దింపారు. ఒకచోటి మట్టి తీసి మరొకచోట పూడ్చినట్టయింది. వెనుక చోటు నిండింది గాని నడుమ బోలుపడింది. 2021 ఆరంభంలో సొంత మైదానంలోనే లివర్‌పూల్ వరుసగా ఆరు లీగ్ మ్యాచులు ఓడింది. క్లబ్బు చరిత్రలో అంతకుముందు అలా ఎన్నడూ జరగలేదు.

ఆ వేసవిలో జరిగిన యూరో పోటీలకు దేశపు నాయకుడిగా వెళ్లాలన్న కోరిక అతడికి లేకపోలేదు. అయినా మోకాలు పూర్తిగా కుదుటపడనిదే ఆడనని మే నెలలోనే ప్రకటించాడు. సిసోకో ముందు చూపిన ఓర్పునే తన మోకాలి విషయంలోనూ చూపాడు. జూలై చివర తొమ్మిది నెలల తరువాత మైదానంలో అడుగుపెట్టాడు. ఆ సీజనులో లివర్‌పూల్ ఇంగ్లండులోని రెండు కప్పులూ గెలిచింది.

అయితే అతడు అన్నివేళలా నిదానస్థుడేమీ కాదు. 2022 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనాపై అతడు తన్నిన పెనాల్టీని గోల్‌కీపరు ఆపివేశాడు, జట్టు ఓడింది. 2022-23లో లివర్‌పూల్ అయిదో స్థానానికి జారినప్పుడు విమర్శలు అతడి మీదికీ వచ్చాయి. 2023 వేసవిలో క్లబ్బు నాయకుడయ్యాడు. ఆగస్టులోనే న్యూకాసిల్‌లో ఎర్రకార్డు చూసి, కోపంతో మాట తూలాడు. మరో మ్యాచు నిషేధమూ లక్ష పౌండ్ల జరిమానా పడ్డాయి. తప్పు ఒప్పుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో గాయాల వల్ల కుర్రవాళ్లతో నిండిన జట్టును నడిపిస్తూ, లీగ్ కప్ ఫైనల్ అదనపు సమయంలో 118వ నిమిషాన తలతో గోలు వేసి చెల్సీపై గెలిపించాడు.

2020లో లివర్‌పూల్ లీగు గెలిచినప్పుడు కరోనా కారణంగా ప్రేక్షకులెవరూ లేరు, ఖాళీ మెట్ల నడుమనే కప్పు అందుకున్నారు. 2025 మే 25న ఆన్‌ఫీల్డ్ నిండా జనం ఉండగా లీగ్ కప్పును తలకెత్తినవాడు వాన్ డైకే. అప్పటికి అతడి వయసు ముప్పై మూడు. అంతకు నెల ముందే 2027 వరకు ఆడేందుకు కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు.