ఆ మూడో పిన్ను ఎందుకు?

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. గీజర్ వేసి కుళాయి తిప్పితే వేళ్లు చురుక్కుమంటాయి. 'చెప్పులేసుకుని ముట్టుకో' అనేసి ఊరుకుంటాం. నిజానికి అది ఇల్లు మనకు చేస్తున్న హెచ్చరిక!

కరెంటుకు ఒకటే పట్టుదల. బయల్దేరిన చోటికి తిరిగి చేరాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫేజ్ తీగలో వస్తుంది, బల్బునో ఫ్యానునో దాటి న్యూట్రల్ తీగలో వెనక్కి వెళ్తుంది. ఇదే సర్క్యూట్. తీగ మీది కాకికి ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇదే. రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి దాని ఒంట్లోంచి వెళ్లాల్సిన అవసరం కరెంటుకు లేదు. మన సంగతి వేరు, మనం నేల మీద నిలబడతాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలుపుతారు. అంటే నేల కూడా కరెంటుకు తిరుగుదారే.

ఫ్రిజ్ లోపల ఫేజ్ వైరు తొడుగు చిరిగి బాడీకి తగిలిందనుకోండి. దాన్ని తడిచేత్తో పట్టుకున్నాం. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు. స్కూల్లో చదువుకున్న ఓమ్ సూత్రం ప్రకారం 230 వోల్టులను 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. మరి 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోదా? దాని లెక్కలో 0.23 ఓ చిన్న బల్బు! ఫ్యూజైనా ఎంసీబీ అయినా కాపలా కాసేది వైర్లకు, మనకు కాదు.

మనకోసం ఉన్నది ఎర్త్. లీకైన కరెంటుకు మన ఒంటికంటే సులువైన దారి చూపిస్తుంది. ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఉండేదీ అందుకే. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు చివర్న వదలాలి. మనమేమో టూపిన్ ప్లగ్గులు తగిలిస్తాం. ఇంకా ధైర్యవంతులు ప్లగ్గే లేకుండా వైర్లు దూర్చి అగ్గిపుల్లలు గుచ్చేస్తారు!

ఎర్త్ ఉన్నా అంతా అయిపోయినట్టు కాదు. బొగ్గు, ఉప్పు వేసిన ఆ గుంత ఎండాకాలంలో ఎండిపోతే నిరోధం పెరుగుతుంది. అది 50 ఓమ్‌లకు చేరితే ఎర్త్‌లోకి పోయేది 4.6 ఆంపియర్లే. ఎంసీబీ కదలదు, ఫ్రిజ్ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. గుంతలో అప్పుడప్పుడూ నీళ్లు పొయ్యమనేది అందుకే.

ఇక్కడే ఆర్‌సీసీబీ పనికొస్తుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తూ ఉంటుంది. ఇళ్లకు వాడే రకంలో తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే చాలు, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దానిమీద 'టి' అనే బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. పడిపోకపోతే మార్చాల్సిందే.

అన్నట్టు, ఎర్త్ తీగ లేని ఇళ్లలో కొందరు సాకెట్ వెనకే ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేస్తారు. 'పనైపోయింది సార్' అంటారు. తర్వాతెప్పుడో న్యూట్రల్ తెగితే ఆ సాకెట్‌కు పెట్టిన ఫ్రిజ్ బాడీ మొత్తం 230 వోల్టులకు చేరుతుంది. ఈసారి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మెయిన్ ఆపించి, సాకెట్ విప్పించి చూడండి.